ముదురుపాకం మాయాబజార్

సంక్రాంతికి ‘మాయాబజార్’ వేస్తే నాకేం అభ్యంతరం లేదు, 1957 నాటి సినిమా అయినా మా కోనసీమలో ఎస్వీ రంగారావు గద పట్టుకుని రాగానే ఇప్పటికీ పిల్లలు మాట్లాడకుండా అన్నం తినేస్తారు. నా గొడవల్లా పెద్ద ఛానల్‌లో ఓసారి, దాని చెల్లెలు సినిమా ఛానల్‌లో ఇంకోసారి, అదీ గంట తేడాతో వెయ్యడం గురించే. హక్కులు కొనుక్కున్నాక సొంత ఛానళ్ళన్నిట్లోనూ తిప్పుకుంటారు, వాళ్ళ లెక్క వాళ్ళది. కానీ ఒకదాంట్లో 2010లో రంగులేసిన ప్రింటు, ఇంకోదాంట్లో నలుపు తెలుపు!

అమలాపురంలో మావయ్య వాళ్ళింట్లో భోగి ముందురోజు అరిసెలు వండుతున్నారు. ఘటోత్కచుడు శశిరేఖని మంచంతో సహా ఎత్తుకెళ్ళాడు, ప్రకటనలు మొదలయ్యాయి, ఇవి అయ్యేలోపు పాకం వచ్చేస్తుందని అత్తయ్య వంటింట్లోకి వెళ్ళింది. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వెయ్యకూడదని రూలుంది గానీ, పండగ పూట ఆ 12 మాత్రం ఎవడు చూస్తాడండీ, బుడ్డోడు రిమోట్ నొక్కేశాడు.

“ఒరేయ్, రంగులు పోయాయిరా!” అని అమ్మమ్మ కేక. శుక్లాల ఆపరేషన్ అయ్యి నెల తిరగలేదు.

అందరం పరిగెత్తాం. మావయ్య నాలుగు వేళ్ళు చూపించి “ఇవెన్నమ్మా?” అన్నాడు.

“నీ వేళ్ళు నాకెందుకురా! ఇందాకే ఎత్తుకెళ్ళిన పిల్ల మళ్ళీ ద్వారకలోనే తిరుగుతోంది, నాకు మతి కూడా పోయిందేమో!”

ఈలోగా బుడ్డోడు మళ్ళీ నొక్కాడు. “వచ్చాయి, వచ్చాయి!” అని అమ్మమ్మ దణ్ణం పెట్టేసింది. ఇంకో ప్రకటన రాగానే వాడు మళ్ళీ నొక్కాడు, మళ్ళీ చూపు పోయింది. గరిటె పట్టుకుని వచ్చిన అత్తయ్య కూడా “కళ్ళలో చుక్కలేశారా అత్తయ్యగారూ?” అంటూ అక్కడే కూలబడింది. సంగతేంటో మాకు అర్థమయ్యేసరికి వంటింట్లోంచి మాడు వాసన.

ఉండపాకం రావాల్సింది రాయైపోయింది. తడిపిండి పారబోయడానికి మనసొప్పక అందులోనే కలిపేసి వండింది మహాతల్లి. మొదటి వాయి, మర్యాద కదా, కొత్తల్లుడి పళ్ళెంలో పడింది. టక్ మని చప్పుడు.

“ఎలా ఉన్నాయండీ అల్లుడుగారూ?”

“ఆయ్, బాగున్నాయండి” అన్నాడు పాపం, దవడ పట్టుకుని.

అప్పుడే టీవీలో కింద అక్షరాలు పరిగెత్తాయి, రేపు ఉదయం వాళ్ళదే మూడో ఛానల్‌లో ఇదే సినిమా అట. అత్తయ్య లేచి రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి కొంగున ముడేసుకుంది.