‘గ్యాస్’ అనే మాట చాటున జీర్ణాశయ క్యాన్సర్

మా ఊరి బస్టాండు ఎదుటి మెడికల్ షాపు దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అరవై దాటిన పెద్దాయన వచ్చి, జేబులోంచి ఖాళీ అయిన మాత్రల షీటు తీసి బల్ల మీద పెట్టి, “ఇవే ఇంకో రెండు షీట్లియ్యి బాబూ, తిన్నది పైకి తంతోంది” అంటాడు. కుర్రాడు అరలోంచి కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్రలు తీసి ఇస్తాడు. ఎన్నాళ్లుగా వాడుతున్నారని అతడు అడగడు, ఆయన చెప్పడు. వైద్యుల చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక మాత్రం ఆ షీటు వెనకే అచ్చయి ఉంటుంది. పెద్దాయన చొక్కా మెడ దగ్గర వదులైపోయింది. బెల్టుకు కొత్తగా ఒక రంధ్రం పొడిపించుకున్నాడు. పక్కన నిలబడ్డవారికి కూడా ఇవి కనిపిస్తాయి గానీ, ‘గ్యాస్’ అన్న మాట వినగానే ఎవరూ వాటిని పట్టించుకోరు.

తెలుగునాట కడుపులో మంట, పుల్లటి తేన్పులు, కడుపుబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఆఖరికి గుండెనొప్పి కూడా ముందు గ్యాసే. వీటిలో చాలావరకు నిజంగానే ప్రమాదం లేనివి కావడం వల్లే ఆ మాటకు అంత నమ్మకం వచ్చింది. మిగిలిన కొద్దిమందిలో జీర్ణాశయ క్యాన్సర్ ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా 2022లో దాదాపు 9 లక్షల 70 వేల మందిలో ఈ వ్యాధిని గుర్తించారు, సుమారు 6 లక్షల 60 వేల మంది దీనివల్ల చనిపోయారు. తొలిదశలోనే పట్టుకునే ఏర్పాటు ఉన్న జపాన్‌లో, ఆ దశలో బయటపడిన వారిలో పదింట తొమ్మిది మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. కొన్నిసార్లు కడుపు కోయకుండా, నోటి గుండా పంపిన గొట్టంతోనే క్యాన్సర్ ఉన్న పొరను చెక్కి తీసేయగలుగుతున్నారు. మన దగ్గర చాలామంది వచ్చేసరికి గడ్డ జీర్ణాశయపు గోడ దాటి, కాలేయానికో పొట్టలోని పొరలకో పాకి ఉంటుంది. ఈ తేడాకు కారణం శస్త్రవైద్యుల నైపుణ్యం కాదనీ, మొదటి లక్షణానికీ, గొట్టంతో కడుపు లోపల చూసే మొదటి ఎండోస్కోపీకీ మధ్య గడిచిపోయే నెలలేననీ నా అభిప్రాయం.

ఈ క్యాన్సర్ రాత్రికి రాత్రి పుట్టేది కాదు. దీని మూలాల్లో ప్రధానమైనది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని వైద్యలోకం నమ్ముతున్న రోజుల్లో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని గుర్తించారు. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కొద్దిరోజుల్లోనే వాంతులు, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని నిరూపించాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందే, 1994లో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చిన్నతనంలో ఇంట్లోవారి నుంచో, కలుషితమైన నీటి నుంచో చేరి, దశాబ్దాల పాటు జీర్ణాశయపు లోపొరను వాచేలా చేస్తుంది. ఆ పొర పలచబడుతుంది, తర్వాత పేగు పొరలా మారుతుంది, ఆ మారిన చోట కణాలు అదుపు తప్పుతాయి. క్రిమి ఉన్న నూరుమందిలో క్యాన్సర్ దాకా వెళ్లేది ఒకరో ఇద్దరో ముగ్గురో. కాబట్టి క్రిమి ఉందని తెలిసి బెంబేలెత్తనక్కర లేదు, ఏళ్ల తరబడి ఉన్న అవకాశాన్ని వృథా చేసుకోకపోతే చాలు.

వృథా ఎలా అవుతుందో కొంచెం వివరంగా చూడాలి. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర క్యాన్సర్ పుండు ఉన్నవారికి కూడా నొప్పి తగ్గిస్తుంది, ఒక్కోసారి ఆ పుండు పైపైన మానినట్టు కూడా చేస్తుంది. మాత్ర వాడుతూ పైలోరీ పరీక్ష చేయించుకుంటే, క్రిమి ఉన్నా లేదని రావచ్చు. అందుకే శ్వాస, మల పరీక్షలకు రెండు వారాల ముందు మాత్ర ఆపమంటారు. ఇక పుండు నుంచి కొద్దికొద్దిగా రక్తం కారి నీరసం వస్తే, ‘రక్తం తక్కువగా ఉంది’ అని ఐరన్ మాత్రలు ఇస్తారు. రక్తం ఎటు పోతోందన్న ప్రశ్న, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్ల విషయంలో, ఎవరికీ తట్టదు. ఐరన్ మాత్రలతో మలం నల్లబడడం మామూలే కనుక, లోపల రక్తస్రావం వల్ల తారులా నల్లగా అవుతున్నా అది మాత్రల వల్లేనని సరిపెట్టుకుంటారు. దీనికి తోడు ‘స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు’ అన్న భరోసా ఒకటి. పొట్ట మీద తీసే అల్ట్రాసౌండ్‌లో కాలేయం, పిత్తాశయం కనిపిస్తాయి గానీ జీర్ణాశయపు లోపొరలోని తొలి మచ్చ కనిపించదు.

దాన్ని చూపేది ఎండోస్కోపీ. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పరగడుపున వెళ్తే, గొంతులో మొద్దుబారే మందు కొట్టి, ఎడమవైపు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, చిటికెనవేలంత లావున్న గొట్టం లోపలికి పంపుతారు. ఓకరింపు వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కానీ సాధారణంగా పది నిమిషాల లోపే అయిపోతుంది. అనుమానమున్న చోట ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క పరీక్ష అనగానే ‘కదిపితే పాకుతుంది’ అని వెనక్కి తగ్గే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ భయానికి ఆధారం లేదు.

జపాన్, దక్షిణ కొరియాల్లా అందరికీ వరుసగా ఎండోస్కోపీ చేయాలని నేను అనడం లేదు. కొరియాలో నలభై దాటినవారికి రెండేళ్లకోసారి ఈ పరీక్ష జరుగుతుంది. అక్కడ వ్యాధి తీవ్రత అంత ఉంది. మన దేశంలో ఆ స్థాయికి దగ్గరగా ఉన్నది మిజోరం. పొగబెట్టిన మాంసం, పొగాకు పొగను నీటిలో పట్టి నోట్లో ఉంచుకునే తుయిబుర్ అలవాటు అక్కడి కారణాల్లో ఉన్నాయని పరిశోధకులు చెబుతున్నారు. తెలుగు రాష్ట్రాలకు కావలసింది ఎంపిక చేసిన పరీక్ష. యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా, ఏ వయసువారికైనా కారణం లేకుండా బరువు తగ్గినా, ముద్ద దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా, రక్తం తగ్గినా మాత్రతో కాలక్షేపం చేయకుండా ఎండోస్కోపీకి పంపాలి. ఊళ్లో మొదట చూసే ఆర్‌ఎంపీలకూ, ఆశా కార్యకర్తలకూ, మందుల షాపులవారికీ ఈ అయిదు సంగతులు నేర్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఆవకాయ వల్ల వస్తుందా అని చాలామంది అడుగుతారు. కారం మీద రుజువులు స్పష్టంగా లేవు. ఉప్పు మాట వేరు. అతిగా ఉప్పు వేసి నిల్వ చేసిన పదార్థాలు రోజూ తింటే లోపొర దెబ్బతిని క్రిమి పని సులువవుతుంది. పొగాకు ముప్పును పెంచుతుందన్నది ఖాయం.

ఒక ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా పోయాక, దినకర్మలు ముగిసేసరికి వైద్యుల చీటీలన్నీ అటక ఎక్కుతాయి. అన్నదమ్ములనూ పిల్లలనూ పైలోరీ పరీక్షకు రమ్మని పిలిచేవారు ఉండరు. రోగుల రక్తసంబంధీకుల మీద కొరియాలో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, క్రిమికి చికిత్స పొందినవారిలో ఈ క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది. ఆ చికిత్స సాధారణంగా రెండు వారాల మందుల కోర్సు. మన దగ్గర కొన్ని యాంటీబయాటిక్‌లకు ఆ క్రిమి లొంగడం లేదు కనుక, కోర్సు పూర్తయ్యాక నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, అది పోయిందో లేదో చూసుకోవాలి.