రోజూ ఐదు నిమిషాల స్టార్టింగ్ పాత కారుకు మందు కాదు

‘పాత కారు వాడకుండా ఇంట్లో ఉంచారా? అయితే ఇవి పాటించండి’ అనే మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి, నాన్నగారి కారు రాజమండ్రి ఇంట్లో ఉండిపోయిన కుటుంబాల్లో దీనికి గిరాకీ ఎక్కువ. అందులో చెప్పేవి ఇవి. రోజూ పొద్దున ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచితే బ్యాటరీ, ఇంజన్ రెండూ బాగుంటాయి. ట్యాంకులో రెండు లీటర్లకు మించి పెట్రోల్ ఉంచకూడదు. బండి తిరగనప్పుడు ఆయిల్ మార్చక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, గాలి చొరని కవర్ కప్పేయాలి. రోడ్డెక్కని బండికి ఇన్సూరెన్స్ దండగ.

వీటిలో ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు పాటించదగ్గది కాదు. ఉదాహరణకు మారుతి 800నే తీసుకుంటాను, ఇలా ఇళ్లలో మిగిలిపోయిన కార్లలో అది తరచూ కనిపిస్తుంది కనుక.

ముందు ఐదు నిమిషాల సంగతి. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. నమ్మబుద్ధి కాదు గానీ ఇది హైస్కూల్ కెమిస్ట్రీయే: పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీరే. ఇంజన్, సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరిగా బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో సైలెన్సర్ అంత వేడెక్కదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైపు చివర కారే చుక్కలు మీరు చూసే ఉంటారు. కారినవి కొన్నే. మిగతా నీరు సైలెన్సర్ డబ్బాలోనే నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది.

ఇంకొంత తేమ పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఇంజన్ ఆయిల్‌లో చేరుతుంది. అది పోవాలంటే ఆయిల్ 90 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లి, కాసేపు అక్కడే ఉండాలి. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చింది కదా అనకండి. ఆ ముల్లు చెప్పేది కూలెంట్ వేడి. ఆయిల్ దానికన్నా ఆలస్యంగా వేడెక్కుతుంది, నిలబెట్టిన బండిలో మరీ ఆలస్యం. ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. తెల్లగా మీగడలా పేరుకుని ఉంటే చాలాసార్లు ఈ తేమే కారణం. దాంతోపాటు కూలెంట్ కూడా తగ్గిపోతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ పైభాగం, కింది భాగం మధ్య ఉండే సీలును) అనుమానించాలి.

కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే పాత రకం భాగం) ఉన్న బండిలో చోక్ లాగితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. చల్లటి సిలిండర్‌లో అదంతా మండదు. మండనిది గోడల మీది ఆయిల్ పొరను కడుగుతూ కిందికి దిగి, ఆయిల్‌ను పలచన చేస్తుంది. రోజూ స్టార్ట్ చేయడమంటే ఇంజన్‌కు నెలకు ముప్పై సార్లు ఈ అరుగుదల తెచ్చిపెట్టడమే. ఒక్కసారి కూడా వేడెక్కి ఆరే అవకాశం ఇవ్వకపోవడమే.

బ్యాటరీ వాదనలో కొంత నిజం ఉంది, అందుకే జనం నమ్ముతారు. సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు భారీగా లాగినా అది రెండు మూడు సెకన్ల పనే. ఆ కాస్తా ఐదు నిమిషాల్లో తిరిగి చేరవచ్చు. అసలు నష్టం అక్కడ లేదు. తర్వాత పెట్టించిన స్టీరియో, సెంట్రల్ లాక్, అలారం లాంటివి బండి ఆపినా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా నెలకు 21 ఆంపియర్ అవర్లు దాటుతుంది. 800లో వేసే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం కన్నా ఎక్కువ. పైగా మన ఎండలకు బ్యాటరీ దానంతటదే కూడా దిగుతుంది. బండిని నిలబెట్టి ఇంజన్ తిప్పితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పూర్తి శక్తితో పనిచేయదు కాబట్టి ఈ లోటు పూడదు. సగం దిగిన స్థితిలో వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పాత బలం రాదు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. రాత్రంతా కదపని బండిలో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే.

గేర్‌బాక్స్, వీల్ బేరింగులు, బ్రేకులు, టైర్లు ఈ ఐదు నిమిషాల్లో కదలనే కదలవు. ఏసీ వేయకపోతే కంప్రెసర్ సీలుకు ఆయిల్ తడి కూడా అందదు. పైగా షట్టర్ దించిన షెడ్డులో స్టార్ట్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పాత బండ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ వాయువుకు వాసన ఉండదు. వాచ్‌మన్‌కు తాళం ఇచ్చేవాళ్లు ముందు ఈ ముక్క చెప్పాలి.

కాబట్టి రెండే దారులు. నడిపే మనిషి ఉంటే రెండు వారాలకోసారి ఊరు దాటించి అరగంట, ముప్పావుగంట నడిపించండి, అందులో పది నిమిషాలు ఏసీ వేయించండి. మనిషి లేకపోతే అసలు స్టార్ట్ చేయించకండి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేసి పడుకోబెట్టండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ తగిలించి ఉండగా ప్లస్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీని నెలకోసారి చార్జింగ్‌కు పెట్టే మనిషి దొరికితే మరీ మంచిది. నడిపీ నడపకుండా మధ్యలో ఉంచడమే పాత బండిని చంపేది.

పెట్రోల్ విషయానికి వద్దాం. 800 ట్యాంకు ఇనుప రేకు. రెండు లీటర్లే ఉంచితే మిగతాదంతా గాలి. రాత్రి చల్లబడినప్పుడు ఆ గాలిలోని తేమ లోపలి గోడలకు పడుతుంది. తుప్పు రాలి ఫిల్టర్‌కు, అక్కడినుంచి కార్బురేటర్ జెట్లకు చేరుతుంది. ఎంపీఎఫ్ఐ మోడల్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం) అయితే ట్యాంకులోని పంపు పెట్రోల్‌లో మునిగి ఉంటేనే చల్లగా పనిచేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దానికోసం తయారైనవి కావు. అంచేత రెండు మూడు నెలల ఖాళీ అయితే ట్యాంకు నింపి వదలండి. ఏడాది దాకా కదలదని తెలిస్తే మాత్రం ట్యాంకూ కార్బురేటరూ పూర్తిగా ఖాళీ చేయించండి, లేకపోతే జెట్లలో పెట్రోల్ జిగురు కడుతుంది. బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన వస్తే పైపులు మార్చే దాకా స్టార్ట్ చేయొద్దు.

ఆయిల్‌కు కిలోమీటర్లే కాదు, వయసు కూడా ఉంది. తిరిగినా తిరగకున్నా ఏడాదికోసారి మార్చాల్సిందే. బండి పడుకోబెట్టే ముందే మార్చడం ఇంకా మేలు, పాత ఆయిల్‌లోని ఆమ్లాలు నెలల తరబడి బేరింగులను తినకుండా. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి.

హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి మూడు నెలలు వదిలితే షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా త్వరగా. ఫస్ట్ గేర్‌లో ఉంచి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెడితే సరిపోతుంది. టైర్లలో మామూలు కన్నా నాలుగైదు పాయింట్లు గాలి ఎక్కువ పట్టించి, నెలకోసారి బండిని కాస్త ముందుకు తోయించండి. టైరు పక్కభాగంలో DOTతో మొదలయ్యే కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. పదేళ్లు దాటినది పైకి ఎంత బాగున్నా నమ్మొద్దు. ఇక ప్లాస్టిక్ కవర్ తేమను బయటికి పోనివ్వదు. షెడ్డులో ఉంటే పలచటి గుడ్డ చాలు.

ఇన్సూరెన్స్ దండగ అన్నది చివరిది. రెండు వారాలకోసారి రోడ్డెక్కించాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చెల్లే ఆర్సీ మూడూ కావాలి. ఇంటి ముందు వీధిలో పార్క్ చేసినా అది పబ్లిక్ స్థలమే. ఫుల్ పాలసీ ఉన్నవారు గడువు దాటి 90 రోజుల్లో రెన్యూ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. 15 ఏళ్లు నిండితే స్క్రాపే అని కొందరు దీనికి తోక తగిలిస్తున్నారు. పెట్రోల్‌కు 15, డీజిల్‌కు 10 ఏళ్ల గొడవ ఢిల్లీ పరిసరాలది. ఆంధ్ర, తెలంగాణల్లో సొంత కారు ఆర్సీని 15 ఏళ్ల తర్వాత ఐదేళ్ల చొప్పున రెన్యూ చేసుకోవచ్చు. 800 అమ్మకాలు హైదరాబాద్‌లో 2010లోనే ఆగాయి కాబట్టి అక్కడ కొన్న 800లన్నీ 15 ఏళ్లు దాటినవే. ఈ రెన్యూవల్‌కు ఫారం 25 దరఖాస్తును ఆర్సీ గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. తనిఖీకి బండిని తీసుకెళ్లాలి గనుక బ్రేకులు, టైర్లు, లైట్ల పని ఆలోపే చేయించుకోండి.