డిప్లొమా దగ్గరే తెగిపోతున్న దారి

డిగ్రీ పుచ్చుకుంటే ఇక నువ్వు ఆదివాసివి కావు! కెనడా 1876లో చేసిన ఇండియన్ యాక్ట్ అక్షరాలా ఇదే చెప్పింది. విశ్వవిద్యాలయ పట్టా పొందినా, వైద్యుడో న్యాయవాదో అయినా ఆదివాసిగా చట్టం ఇచ్చిన గుర్తింపు దానంతట అదే పోయేది. ఆ నిబంధనను తర్వాత సడలించారు. కానీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయిన రెసిడెన్షియల్ స్కూళ్లు 1990ల దాకా నడిచాయి. చదువంటే మనిషిని ఊరికి దూరం చేసేదనే భయం అక్కడ ఊరికే పుట్టలేదు.

ఇంతకీ వెనుకబాటు ఎక్కడుంది? 2011 జాతీయ గృహ సర్వే ప్రకారం 25-64 ఏళ్ల ఆదివాసుల్లో కాలేజీ డిప్లొమా ఉన్నవారు 20.6 శాతం, ఇతరుల్లో 21.3 శాతం. దాదాపు సమానమే. వడ్రంగం, వెల్డింగ్ లాంటి వృత్తి ధ్రువపత్రాల్లో ఆదివాసులే కాస్త ముందున్నారు. డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 9.8 శాతానికి 26.5 శాతం! కాబట్టి 'వీళ్లను కాలేజీకి ఎలా రప్పించాలి' అంటూ ఏటా జరిగే సదస్సులు తప్పు ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాయని నా అభిప్రాయం. వచ్చినవాళ్లకు పైమెట్టు ఎందుకు అందడం లేదన్నది అసలు సంగతి.

డిప్లొమా దగ్గరి పట్టణంలో దొరుకుతుంది, డిగ్రీకి నగరం వెళ్లాలి. ఆ దూరం ఖరీదేమిటో ఒంటారియో రాష్ట్రంలోని థండర్ బే నగరం చెబుతుంది. సొంత ఊళ్లో హైస్కూలు లేక అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన ఫస్ట్ నేషన్స్ (కెనడా ఆదివాసుల్లో ఒక ప్రధాన వర్గం) పిల్లలు 2000-2011 మధ్య ఏడుగురు చనిపోయారు. ఐదుగురి మృతదేహాలు నీళ్లలో దొరికాయి. తన ఊరి నుంచి అలాంటి కబురు విన్న తల్లి, కూతుర్ని యూనివర్సిటీకి పంపడానికి వెనకాడదా?

చదువునే ఊరి దగ్గరికి తెచ్చిన అనుభవాలూ ఉన్నాయి. బ్రిటిష్ కొలంబియాలోని మెరిట్‌లో ఐదు ఆదివాసీ సముదాయాలు 1983లో నికోలా వ్యాలీ ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టుకున్నాయి. అక్కడ అధ్యాపకులతో పాటు ఊరి పెద్దలూ ప్రాంగణంలో ఉంటారు. బెంగ పెట్టుకున్న పిల్లవాడు వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవచ్చు. సస్కాచువాన్ రాష్ట్రంలో మెటిస్ ప్రజల (ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసిన మరో ఆదివాసీ వర్గం) గాబ్రియెల్ డ్యుమాంట్ సంస్థ 1980 నుంచి విశ్వవిద్యాలయాలతో కలిసి ఉపాధ్యాయ డిగ్రీ ఇప్పిస్తోంది. అక్కడ చదువు చివర ఉద్యోగం కంటికి కనిపిస్తుంది, అదీ తమ పిల్లలు చదివే బడిలో.

ఆదివాసులకు చదువంతా ఉచితమనే మాట కెనడాలోని మన తెలుగువాళ్ల నోటా వినిపిస్తుంది. నిజం కాదు. ఫస్ట్ నేషన్స్ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే సొమ్ము 1996 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఏడాదికి 2 శాతానికి మించి పెరగలేదు. ఎంతోమంది ఆ సాయం కోసం వరుసలో నిలబడిపోయారు. అలా ఆగిపోయినవాళ్లందరికీ సరిపడా నిధులివ్వాలని, రెసిడెన్షియల్ స్కూళ్ల అన్యాయాలపై విచారించిన సత్య, సయోధ్య సంఘం 2015లో అడగాల్సి వచ్చింది.

మనకు నేరుగా తగిలే ముడి ఇంకొకటి ఉంది. ఒంటారియో కాలేజీలు ఏళ్ల తరబడి విదేశీ విద్యార్థుల భారీ ఫీజులపై బతికాయి. వాటిలో తెలుగు తల్లిదండ్రుల అప్పులూ ఉన్నాయి. 2024లో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టాక ఆ రాబడి పడిపోయి, కాలేజీలు కోర్సులు ఎత్తేస్తున్నాయి. ఒంటారియో ఉత్తర భాగంలో, ఆదివాసుల ఊళ్లకు దగ్గరగా ఏ చిన్న క్యాంపస్‌లోనో పది మందితో నడిచే నర్సింగ్ తరగతి ఫీజుల లెక్కలో ఎప్పుడూ నష్టమే చూపిస్తుంది. అలాంటి తరగతులకు విద్యార్థుల సంఖ్యతో సంబంధం లేకుండా ప్రభుత్వమే విడిగా నిధులివ్వాలి. అక్కడ చదివిన ప్రతి సంవత్సరాన్నీ విశ్వవిద్యాలయం డిగ్రీలో లెక్కగట్టాలి.