కొల్లేరు కన్నా ముందు వడ్డేపల్లి కట్ట

పక్షుల మీద స్టడీ ప్రాజెక్టు అనగానే వరంగల్ డిగ్రీ పిల్లల నోట వచ్చే పేర్లు కొల్లేరు, కోరంగి, పులికాట్. అందులో తప్పేం లేదు. పులికాట్ బురదలో రాజహంసలు (ఫ్లెమింగోలు) ముక్కును తలకిందులుగా ముంచి మేత వడగట్టుకోవడం కళ్లారా చూసిన పిల్ల ఆ పాఠాన్ని మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు. నా బాధ ఆ తర్వాత జరిగే దాని గురించి. రెండు రోజుల ప్రయాణం, ఒకసారి పక్షుల లెక్క, కొన్ని ఫొటోలు, బైండు చేసిన రికార్డు. మార్కులు పడ్డాక ఆ రికార్డు బీరువాలోకి పోతుంది. నేను పనిచేసిన ఒక కాలేజీలో అలాంటివి పాతపేపర్లతో పాటు తూకానికి పోవడం చూశాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఒక్కరోజు లెక్కతో ఏ నీటి సంగతీ తేలదు. కొల్లేరునే చూడండి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అందులోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. గట్లు పోయాక గూడబాతులు పెరిగాయా, తగ్గాయా? ఏటా ఒకే చోట, ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో రాసిన లెక్క ఉంటేనే దీనికి జవాబు చెప్పగలం.

అసలు తీరం మనకు అంత దూరంగా లేదు. కరీంనగర్ మీదుగా వచ్చే మానేరు గోదావరిలో కలుస్తుంది. బాసర, రామగుండం, మంచిర్యాల దాటి వచ్చిన ఆ గోదావరే చివరికి కోరంగి మడ అడవుల బురదకు ఒండ్రు మోస్తుంది. సీసం, కాడ్మియం లాంటి లోహాలు సన్నని ఒండ్రు రేణువులకు అంటుకుని ప్రయాణిస్తాయి. ఆ బురదను పురుగులు, పీతలు తింటాయి, వాటిని బురద అంచున మేసే ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు) తింటాయి. కాబట్టి మంచిర్యాల ఒడ్డున సీసాలో ఒండ్రు పట్టే విద్యార్థి సముద్రం చూడకుండానే తీరపక్షుల మీద పనిచేస్తున్నట్టు. మన ప్రాజెక్టుల్లో ఈ ముడి దాదాపు కనిపించదు.

ఇక మన చెరువులు. ఇళ్ల మురుగుతో పాటు నత్రజని, భాస్వరం నీళ్లలోకి దిగుతాయి. గుర్రపు డెక్క అల్లుకుంటుంది, అడుగున వెలుతురు పోతుంది, రాత్రిపూట ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి చేపలు తేలుతాయి. ఇక్కడ పిల్లలు తరచూ పొరబడతారు: పక్షులు ఎక్కువుంటే నీళ్లు బాగున్నట్టే అనుకుంటారు. పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్ పిట్టలు మురుగు నీళ్లలోనూ గుంపులుగా దిగుతాయి. అందుకే లెక్కతో పాటు నీటి పరీక్ష కూడా జరగాలి. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ, అంటే మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష డిగ్రీ ప్రయోగశాలలో చేయగలిగేదే.

2024 చివర్లో పూడిక తీయడానికి వరంగల్ భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. పూడిక తీయొద్దని నేను అనను. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన మట్టి ఎన్ని పొలాలకు చేరిందో ఇక్కడి రైతులకు తెలుసు. కానీ ఉల్లంకి పిట్ట కాళ్లు ఎంత పొడుగుంటాయి? నాలుగు వేళ్ల లోతు నీళ్లుండే అంచే దాని పొలం. శిఖం దాకా ఒకే లోతున తవ్వి, చుట్టూ రాతికట్టు కడితే నీళ్లు నిలుస్తాయి, ఆ పొలం మాత్రం పోతుంది. తవ్వకముందు ఐదేళ్ల లెక్క మన చేతిలో ఉంటే, ఏ అంచును వదిలేయాలో ఇంజనీర్లకు వేలు పెట్టి చూపించేవాళ్లం. ఆ అవకాశం జారిపోయింది.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ప్రతి కాలేజీ తన దగ్గరి ఒక్క చెరువును పట్టుకుని ఆ గణన జరిగే రోజుల్లో లెక్కిస్తే చాలు. పాకాల కావచ్చు, ధర్మసాగర్ కావచ్చు. సీనియర్లు పోతూపోతూ పుస్తకాన్ని జూనియర్ల చేతిలో పెట్టాలి, దాని నకలు లైబ్రరీలో ఉండాలి. గుడ్లు, గూళ్ల జోలికి పోకూడదు, అది చట్టరీత్యా కూడా నేరం.

మా పిల్లలు ఇక్కడి వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడే చోటును ఒక రాయితో గుర్తు పెట్టుకున్నారు. పుస్తకంలో మొదటి పేజీ మీద తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోంది, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అని గళ్లు గీశారు. చివరి గడి పేరు: వచ్చే ఏడు ఎవరు రాస్తారు.