అచ్చు ఆగినా ఆట పుస్తకాలు అమ్మకంలో ఉండాలి

రోల్‌ప్లేయింగ్ గేమ్ అనగానే ఇప్పుడు చాలామందికి వీడియో గేములే గుర్తొస్తాయి. వాటికి మూలం మాత్రం నలుగురూ బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, కథ అల్లుకుంటూ ఆడే ఆట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో అది మొదలైంది. ఇక్కడ ఆటంటే పుస్తకమే. పాచికలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, నియమాల పుస్తకం దొరక్కపోతే ఆటే లేదు. అందుకే అచ్చు ఆగిన పుస్తకాలను హక్కుదారులు పీడీఎఫ్‌గానైనా అమ్మి తీరాలంటాను.

2009 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ హక్కులున్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్, పైరసీని కారణంగా చూపి పీడీఎఫ్‌ల అమ్మకాన్ని ఒక్కసారిగా ఆపేసింది. నెట్‌లోకి పాకింది అప్పుడే వచ్చిన 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2'. దాని మీద కేసులు వేయడంలో తప్పులేదు. కానీ దానితోపాటు ఏనాడో అచ్చు ఆగిన పాత పుస్తకాలనూ తీసేశారు. డబ్బు కట్టి కొన్నవాళ్లకు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే వీలు కూడా లేకుండా చేశారు. దొంగ కాపీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నష్టపోయింది నిజాయితీగా కొన్నవాడే. 2013 జనవరిలో ఆ కంపెనీయే పాత పుస్తకాలను మళ్లీ పీడీఎఫ్‌లుగా అమ్మకానికి పెట్టింది. తర్వాత కొన్నింటిని అడిగినవాళ్లకు అచ్చువేసి ఇవ్వడమూ మొదలైంది. మధ్యలో పోయిన నాలుగేళ్లకు సమాధానం లేదు.

ఇంతకన్నా కష్టమైన చిక్కు సినిమాల, కామిక్స్ ఆధారంగా వచ్చిన ఆటలది. వెస్ట్ ఎండ్ గేమ్స్ 1987లో స్టార్ వార్స్ ఆట తెచ్చింది. ఆ లోకం గురించి అందులో ఎంత వివరం ఉందంటే, 1990ల మొదట్లో స్టార్ వార్స్ నవలలు రాసిన టిమొతీ జాన్‌కు ఆధార గ్రంథాలుగా ఈ పుస్తకాలనే ఇచ్చారు. 1998లో కంపెనీ దివాలా తీసింది, స్టార్ వార్స్ పేరుతో ఆట తెచ్చే లైసెన్సు పోయింది. 2018లో తొలి రెండు పుస్తకాలను వేరే సంస్థ మళ్లీ అచ్చువేసింది గానీ, తర్వాత వచ్చిన అనేక అనుబంధ పుస్తకాలకు ఆ భాగ్యం లేదు. రాసినవాళ్లకూ, కొనాలనుకునేవాళ్లకూ మధ్య గడువు తీరిన ఒప్పందం అడ్డుగా నిలిచింది.

కాపీరైటు గడువు తీరేదాకా ఆగుదామా? అమెరికా చట్టం ప్రకారం 1974 నాటి పుస్తకానికి 2069 చివరిదాకా రక్షణ ఉంది. ఆలోగా కాగితం చివికిపోతుంది. లైసెన్సు ఒప్పందం రాసుకునేటప్పుడే, గడువు ముగిశాక కూడా అప్పటికే వచ్చిన పుస్తకాల డిజిటల్ కాపీలు అమ్ముకోవచ్చని, రాయల్టీ ఇద్దరూ పంచుకోవాలని ఒక షరతు పెట్టుకుంటే సరిపోతుంది.

పాత పుస్తకాన్ని పీడీఎఫ్‌గా మార్చడానికి స్కాన్ చేసేవాళ్లు ఏ ముద్రణ ఎంచుకున్నారన్నదీ ముఖ్యమే. మన దేవతల మీద కూడా ఒక అధ్యాయం ఉన్న 1980 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం 'డీటీస్ అండ్ డెమీగాడ్స్' తొలి ముద్రణల్లో, వేరే రచయితల కథల్లోని కల్పిత దేవుళ్ల మీద కథుల్హూ, మెల్నిబోనే అధ్యాయాలుండేవి. తర్వాతి ముద్రణల్లో వాటిని తీసేశారు. ఏ ముద్రణను స్కాన్ చేశారో మొదటి పేజీలోనే చెప్పాలి, తీసేసిన భాగాలుంటే అదీ చెప్పాలి.