చంద్రగిరి సొరంగాన్ని ఫార్వర్డు చేసేవాళ్లకి

"తిరుపతి దాచిన రహస్య చరిత్ర" మెసేజి మళ్లీ మొదలైంది. చుట్టాల గ్రూపులో మామ పెట్టాడు, గంట తిరక్కుండా ఆఫీసు గ్రూపులోనూ అదే. పంపినవాళ్లలో ఒక్కరైనా పూర్తిగా చదివారా అని నా డౌటు.

గోవిందరాజస్వామి గుడి పెద్ద గోపురం కట్టింది ఎవరో ఎవరికీ తెలియదట. ఏడంతస్తుల ఆ గోపురాన్ని 17వ శతాబ్దంలో మట్ల అనంతరాజు అనే స్థానిక పాలకుడు కట్టించాడు. కింద ద్వారంలో గోడ మీద ఆయన బొమ్మ, పక్కన ముగ్గురు భార్యల బొమ్మలు చెక్కి ఉన్నాయి. చెప్పుల స్టాండు టోకెన్ జేబులో పెట్టుకుంటూ రోజూ వేలమంది వాటి పక్కనుంచే పోతుంటారు.

చంద్రగిరి రాజమహల్ ఇంగ్లీషువాళ్లు కట్టారట. కాదు, విజయనగర రాజులది. కింద తురక కమానులు, పైన గుడి శిఖరాల్లాంటివి చూసి ఎవరో కంగారుపడినట్టున్నారు. మూడంతస్తుల్లో ఎక్కడా కలప వాడలేదన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నా.

ఇక అసలు సంగతి. చంద్రగిరి కోట నుంచి తిరుమలకి సొరంగం ఉందట, అందులో రాయల బంగారం ఉందట, సర్కారు మూసేసిందట. అయ్యా, ఘాట్ రోడ్డులో పోతూ పక్కనున్న బండల్ని ఎప్పుడైనా చూశారా? కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి. ఆ రాతిని ఉలీ సుత్తీతో కొండపైదాకా తొలవడానికి రాయలకి ఏం పనిలేకనా? శ్రీనివాసమంగాపురం అవతలే శ్రీవారి మెట్టు ఉంది, 2,388 మెట్లు. రాయలు ఆ దారినే కొండెక్కేవారని మనవాళ్లే చెబుతారు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పులని సొరంగం తవ్వించారేమో మరి! అంత బండ తొలిస్తే వచ్చిన రాళ్ల గుట్ట ఏమైంది? దాన్ని కూడా సర్కారే దాచిందా?

నవ్వి వదిలేద్దును. కానీ ఇలాంటి కబుర్లు నమ్మే మన పల్లెల్లో గుప్తనిధులని రాత్రిళ్లు పాడుబడ్డ గుళ్ల మీద పడుతున్నారు. నందిని పెకలిస్తారు, లింగం కింద తవ్వుతారు. దొరికేది మట్టి. పోయేది ఆ గుడి ఏ కాలానిదో చెప్పగలిగిన ఒకే ఒక్క శిల. మామా, నువ్వు నొక్కిన ఆ ఫార్వర్డు బటన్ ఏ గడ్డపార చేతికి దారి చూపిస్తుందో నీకేం తెలుసు?

మెసేజి చివర "మన చరిత్రలో చాలా భాగం కళ్లెదుటే దాగి ఉంది" అని రాశారు. ఆ ముక్క మాత్రం కాదనలేను. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు వందల ఏళ్లు తిరుమల గుడిలోనే, హుండీకి ఎదురుగా ఒక చిన్న రాతి గదిలో పడి ఉన్నాయి. సొరంగం లేదు, శాపం లేదు, కాపలా పాము లేదు. ఆ రేకుల్ని చదివి అచ్చుకి సిద్ధం చేయడానికి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు ఏళ్లకేళ్లు కూర్చున్నారు. ఫార్వర్డులో వాళ్ల పేర్లు లేవు, బంగారం లెక్క మాత్రం టన్నుల్లో ఉంది.