దొర తోస్తే ఎక్సర్‌సైజు

మనుషుల్ని బుట్టలో వేసిన వాక్యాల్లో నా ఓటు గడ్డి కోసే లాన్ మోవర్ పేటెంట్‌లో ఉన్న ఒకే ఒక్క వాక్యానికి. మెషిన్‌కి కాదండోయ్, వాక్యానికే.

1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అని ఒక మెకానిక్ ఉండేవాడు, అక్కడంతా ఉన్ని బట్టల మిల్లులు, నేసిన బట్ట మీద లేచిన నూగుని తిరిగే కత్తులతో నున్నగా గొరిగే మెషిన్ ఒకటి ఉండేది, అది చూసి బట్టకి చేసే గొరుగుడేదో నేలకే చేస్తే పోలా అనుకున్నాడు. ఇక్కడిదాకా నాకేం పేచీ లేదు, ఐడియా కేక. 19 అంగుళాల వెడల్పు, ఇనుప చట్రం, వెనక రోలర్ దొర్లితే పళ్ళచక్రాలు కత్తుల్ని గిరగిరా తిప్పుతాయి, తెగిన గడ్డి ముందు ట్రేలో పడుతుంది. బరువు సంగతంటారా, వెనక ఒకడు తొయ్యాలి, ముందు ఇంకొకడు లాగడానికి వేరే పిడి!

అప్పటిదాకా పనివాళ్ళు పొద్దున్నే మంచు తడి ఆరకముందే పొడుగు పిడి కొడవళ్ళతో కోసేవాళ్ళు, దానికి కూలి ఇచ్చేవాళ్ళు. మన బడ్డింగ్ గారు పేటెంట్‌లో ఏం రాశారంటే, పల్లెల్లో ఉండే దొరలు ఈ మెషిన్‌ని స్వయంగా తోసుకుంటే సరదా, ఉపయోగం, ఆరోగ్యానికి వ్యాయామం అని. అంటే పాలేరు తోస్తే కూలి, దొర తోస్తే కార్డియో.

దీనికి రెండేళ్ళ ముందే స్కాట్లండ్‌లో పాట్రిక్ బెల్ అనే కుర్రాడు పంట కోసే మెషిన్ చేశాడు, గుర్రాలు వెనక నుంచి తోసేవి. పాపం పేటెంట్ కూడా తీసుకోలేదు, తర్వాత చర్చిలో పాస్టర్‌గా సెటిలయ్యాడు. తిండిగింజలు కోసేదానికి పేటెంట్ లేదు, ఎవడూ తినని గడ్డి కోసేదానికి ఉంది, బాగుంది కదా.

పోనీ దొరలు ఆ ఆరోగ్యాన్ని ఎన్నాళ్ళు భరించారు? పెద్ద లాన్‌లకి గుర్రాల్ని కట్టేశారు. డెక్కల గుర్తులు పడకూడదని వాటికి తోలు బూట్లు కూడా తొడిగారు, నాలుగు కాళ్ళకీ.

నవ్వకండి, డాలస్‌లో ప్రతి శనివారం నేనూ అదే పని, బూట్లతో సహా. మొన్న నాన్న వచ్చారు, జన్మంతా పొలం గట్ల మీద గేదెలకి పచ్చగడ్డి కోసిన మనిషి.

"ఈ గడ్డి ఏ గేదెకి వేస్తార్రా?"

"గేదెకి కాదు నాన్నా, సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెడితే తీసుకెళ్ళిపోతారు."

"మరి నీళ్ళు పెట్టి ఎరువెందుకేశావు?"

"పెరగాలి కదా."

"పెరిగితే?"

"కొయ్యాలి."

కాసేపు నా మొహం చూశారు. ఆరోగ్యానికి మంచిదని నేనే సర్దిచెప్పా. సరేనని పిడి అందుకుని, ఆ చివర్నించి ఈ చివరికి రెండుసార్లు తోసి, కండువాతో మెడ తుడుచుకుని అడిగారు.

"కూలెంత?"